గుమ్మం నుంచి గుమ్మం దాకా

అమెరికాలో ఉన్న కొడుకు ఫోన్ చేసి ‘‘టికెట్ కొనేశానమ్మా, ఇరవై గంటల్లో మా ఇంట్లో ఉంటావు’’ అంటాడు. అమ్మ సరేనంటుంది. కొడుకు చెప్పింది విమానం గాల్లో ఉండే గంటలు. అమ్మ పడబోయేది ఇంటికి తాళం వేసిన క్షణం నుంచి మనవణ్ని ఎత్తుకునే దాకా పట్టే గంటలు. ఈ రెండు లెక్కలకీ మధ్య పదిహేడు గంటలకు పైగా తేడా ఉంటుంది. దూర ప్రయాణంలో పెద్దవాళ్లు పడే అవస్థ చాలావరకు ఆ తేడాలోనే ఉంటుంది. దాన్ని ముందుగా కాగితం మీద పెట్టి చూసుకున్న ఇళ్లు చాలా తక్కువ.

ఈ అధ్యాయంలో ఒకే ఒక దారి పట్టుకుని మొదటినుంచి చివరిదాకా లెక్కేద్దాం. తెనాలిలో బయలుదేరి, శంషాబాద్‌లో విమానం ఎక్కి, డాలస్‌లో దిగి, పక్కనే ఉన్న ఫ్రిస్కోలో కొడుకు ఇంటికి చేరడం. డాలస్ చుట్టుపక్కల ఇర్వింగ్, ప్లేనో, ఫ్రిస్కోల్లో తెలుగు కుటుంబాలు వేలల్లో స్థిరపడ్డాయి కాబట్టి ఏటా ఎందరో అమ్మానాన్నలు తొక్కే దారే ఇది. మీది ఖమ్మం కావచ్చు, మీ అమ్మాయి ఉండేది మెల్‌బోర్న్ కావచ్చు. అంకెలు మారతాయి గానీ లెక్క వేసే తీరు మారదు.

అసలు దూరం ఎంత?

గోడకు తగిలించే ప్రపంచ పటం చూస్తే హైదరాబాద్ నుంచి డాలస్‌కు దారి పడమరగా, అరేబియా, ఉత్తర ఆఫ్రికా, అట్లాంటిక్ సముద్రం మీదుగా పోతుందనిపిస్తుంది. గుండ్రటి భూమిని బల్లపరుపు కాగితం మీద పరచడం వల్ల వచ్చిన భ్రమ అది. ఇంట్లో గుమ్మడికాయ ఉంటే దాని మీద రెండు చుక్కలు పెట్టి, మధ్యలో దారం బిగించి లాగండి. దారం తనంతట తానే దగ్గరి దారి చూసుకుంటుంది. భూమి మీద విమానాలకు దగ్గరి దారి కూడా అలాంటి బిగించిన దారమే.

శంషాబాద్ విమానాశ్రయం 78 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. డాలస్ విమానాశ్రయం 97 డిగ్రీల పడమటి రేఖాంశం మీద ఉంది. రెండూ కలిపితే 175. ఇంకో 5 డిగ్రీలు ఉంటే డాలస్ సరిగ్గా భూమికి ఆవలి వైపు రేఖ మీద ఉండేది. అందుకే ఇక్కడ దారం బిగించి లాగితే అది పడమరకు పోదు, నిటారుగా ఉత్తరానికి పోతుంది. కశ్మీరం, కజకిస్తాన్, సైబీరియా దాటి, ఉత్తర ధ్రువానికి అయిదారు వందల కిలోమీటర్ల చేరువలోంచి ఆర్కిటిక్ సముద్రం మీదుగా కెనడాలో దిగి, టెక్సస్‌కు చేరుతుంది. ఆ దారం పొడవు సుమారు 14,400 కిలోమీటర్లు. భూమి చుట్టుకొలత 40,000 కిలోమీటర్లు కాబట్టి ఏ రెండు ఊళ్ల మధ్యైనా దగ్గరి దారి 20,000 కిలోమీటర్లకు మించదు. అంటే తెలుగునాట నుంచి వెళ్లే ప్రయాణాల్లో డాలస్ చాలా దూరపుది. శాన్‌ఫ్రాన్సిస్కో సుమారు 13,500, షికాగో సుమారు 13,300, మెల్‌బోర్న్ సుమారు 9,200, లండన్ 7,750 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి.

ఈ దారం మీద ఒకే విమానంలో వెళ్లిపోవచ్చా? హైదరాబాద్ నుంచి డాలస్‌కు నేరుగా విమానం లేదు. అంత దూరం ఎగరగల విమానాలు లేక కాదు. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కు 15,300 కిలోమీటర్లకు పైగా ఒకే బిగిన ఎగిరే విమానం రోజూ నడుస్తోంది, అందులో పద్దెనిమిది గంటలకు పైగా కూర్చోవాలి. కానీ అంత దూరపు విమానం నడవాలంటే ఏడాది పొడవునా సీట్లు నిండాలి, అంత ఇంధనం మోసే ప్రత్యేకమైన విమానం దొరకాలి, దారిలో ఉన్న దేశాలన్నీ తమ గగనతలం తెరిచి ఉంచాలి. 2021 జనవరిలో హైదరాబాద్ నుంచి షికాగోకు నేరుగా విమానం మొదలైంది. ఆ తర్వాత అది ఆగిపోయింది. నేరుగా వెళ్లే దారి ఇవాళ ఉందంటే రేపూ ఉంటుందని అనుకోకండి. టికెట్ తీసుకునే నాడు మళ్లీ చూసుకోండి.

కాబట్టి మధ్యలో ఎక్కడో ఒకచోట దిగి మారాలి. దుబాయ్‌లో మారితే 2,550, ఆపైన 12,900, మొత్తం సుమారు 15,450 కిలోమీటర్లు. లండన్‌లో మారితే 7,750, ఆపైన 7,600, మొత్తం సుమారు 15,350. చూశారా, రెండు దారులూ దాదాపు సమానం. రెంటికీ దారం దారితో ఉన్న తేడా వెయ్యి కిలోమీటర్లు, గాలిలో గంటకు కాస్త పైన. దూరం చూసి దారి ఎంచుకోవాల్సిన పని లేదని ఈ లెక్క చెబుతుంది. మరి దేన్ని చూసి ఎంచుకోవాలో కాసేపట్లో చెబుతాను.

కిలోమీటర్లను గంటల్లోకి మార్చుకోవడానికి ఒక మోటు లెక్క ఉంది. పెద్ద విమానం ఎత్తుకు చేరాక గంటకు సుమారు 900 కిలోమీటర్లు పోతుంది. దూరాన్ని 900తో భాగించి, ఎగరడానికి, దిగడానికి, రన్‌వే దాకా మెల్లగా కదలడానికి అరగంట నుంచి ముప్పావుగంట కలపండి. దుబాయ్ నుంచి డాలస్‌కు ఈ లెక్కన పదిహేను గంటలు రావాలి. టికెట్ మీద మాత్రం పదహారు గంటలకు పైగా కనిపిస్తుంది. కారణం గాలి. విమానాలు ఎగిరే ఎత్తులో పడమర నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే బలమైన గాలి వీస్తుంటుంది, చలికాలంలో మరీ ఉద్ధృతంగా. అమెరికాకు వెళ్లేటప్పుడు అది ఎదురుగాలి. తిరిగి వచ్చేటప్పుడు వెన్నుగాలి. వెళ్లినప్పటి కంటే రావడానికి గంట, గంటన్నర తక్కువ పట్టడం అందుకే.

దేశాల మధ్య గొడవలు కూడా గంటలు పెంచుతాయి. 2022 ఫిబ్రవరిలో యుక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక రష్యా గగనతలం మీదుగా ఐరోపా, అమెరికా సంస్థల విమానాలు వెళ్లడం లేదు. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలాన్ని మన దేశపు విమానాలకు మూసేసింది. ఆ తర్వాత దిల్లీ నుంచి అమెరికా వైపు తిరిగే విమానాలు చుట్టూ తిరిగి వెళ్లాల్సి వచ్చింది, కొన్ని మధ్యలో వియన్నాలో దిగి ఇంధనం నింపుకున్నాయి. అదే ఏడాది జూన్‌లో గల్ఫ్ గగనతలం కొన్ని గంటలు మూతపడితే వేలమంది ప్రయాణికులు ఎక్కడివాళ్లు అక్కడే ఆగిపోయారు. ఇవేవీ టికెట్ మీద రాసి ఉండవు. ఫలానా రోజున పెళ్లి ఉంది, పట్టా పుచ్చుకునే పండగ ఉంది అంటే ఆ ముందురోజు దిగేలా టికెట్ కొనడం నా దృష్టిలో సాహసం. కనీసం మూడు రోజులు చేతిలో ఉంచుకోండి.

టికెట్ మీద రెండు గడియారాలు

టికెట్ మీద బయలుదేరే వేళ బయలుదేరే ఊరిది, దిగే వేళ దిగే ఊరిది. ఈ ఒక్క మాట మనసులో నాటుకుంటే సగం తికమక తీరిపోతుంది.

హైదరాబాద్‌లో శనివారం తెల్లవారుజామున 3:30కి బయలుదేరి, శనివారం సాయంత్రం 5 గంటలకు డాలస్‌లో దిగుతుందని టికెట్ మీద ఉందనుకుందాం. చూడటానికి పదమూడున్నర గంటలే. కానీ డాలస్ గడియారం మనకంటే వెనక నడుస్తుంది. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా పదిన్నర గంటలు, మిగిలిన చలికాలంలో పదకొండున్నర గంటలు. అమెరికాలో ఏడాదికి రెండుసార్లు గడియారం గంట ముందుకీ వెనక్కీ జరుపుతారు, మనం జరపం. అందుకే ఈ రెండు అంకెలు. వేసవిలో అయితే పదమూడున్నరకు పదిన్నర కలపాలి, మొత్తం ఇరవైనాలుగు గంటలు. పడమరకు వెళితే గడియారాల తేడా కలపాలి, తిరిగి వచ్చేటప్పుడు తీసెయ్యాలి.

తిరుగు ప్రయాణంలో తారీఖులు రెండు దాటిపోతాయి. డాలస్‌లో మంగళవారం సాయంత్రం 7 గంటలకు ఎక్కితే దుబాయ్‌లో బుధవారం సాయంత్రం దిగుతారు, హైదరాబాద్‌లో గురువారం తెల్లవారుజామున కాలు పెడతారు. విమానాశ్రయానికి కారు పంపే తమ్ముడికి, తోడల్లుడికి తారీఖు చెప్పేటప్పుడు వారం పేరు కూడా కలిపి చెప్పండి. ‘‘బుధవారం రాత్రి దాటాక, తెల్లారితే గురువారం’’ అంటే ఎవరికీ సందేహం ఉండదు.

ఇక్కడే మరో ప్రమాదం పొంచి ఉంటుంది. గల్ఫ్ వైపు వెళ్లే విమానాలు చాలావరకు హైదరాబాద్‌లో అర్ధరాత్రి దాటాక, తెల్లవారకముందు బయలుదేరతాయి. టికెట్ మీద ‘15వ తేదీ 3:30’ అని ఉంటుంది. మన వాడుకలో తెల్లవారేదాకా 14వ తేదీ రాత్రే. ‘పదిహేనో తారీఖు రాత్రి ప్రయాణం’ అని ఇంట్లో అందరూ అనుకుని, 15వ తేదీ రాత్రి శంషాబాద్ చేరేవాళ్లు ఉన్నారు. అప్పటికి విమానం వెళ్లిపోయి పద్దెనిమిది గంటలు దాటి ఉంటుంది. వాడెందుకు రాలేదని విమానం ఆగదు, టికెట్ డబ్బులు తిరిగి రావు. అందుకే క్యాలెండర్‌లో 15 మీద కాదు, 14 మీద సున్నా చుట్టండి. ‘ఈ రోజు ఇంట్లోంచి బయలుదేరాలి’ అని దాని కింద రాయండి.

గాల్లో ఇరవై, నేల మీద పదిహేడు

ఇప్పుడు తెనాలి నుంచి లెక్క మొదలుపెడదాం. శుక్రవారం సాయంత్రం 5 గంటలకు ఇంటికి తాళం వేశారు. విజయవాడ మీదుగా శంషాబాద్‌కు సుమారు మూడు వందల కిలోమీటర్లు. దారిలో భోజనానికి ఆగితే ఆరు గంటలు. రాత్రి 11కు విమానాశ్రయంలో ఉంటారు. సామాను అప్పగించడం, ఇమిగ్రేషన్, భద్రతా తనిఖీ, గేటు దగ్గర ఎదురుచూపు, మొత్తం నాలుగున్నర గంటలు. 3:30కి ఎగిరితే నాలుగు గంటలకు దుబాయ్. అక్కడ నాలుగు గంటల విరామం. తర్వాత పదహారు గంటలు. డాలస్‌లో దిగాక ఇమిగ్రేషన్ వరుస, పెట్టెలు తీసుకోవడం, కస్టమ్స్, రెండు గంటలు. అక్కణ్నుంచి ఫ్రిస్కోకు కారులో ముప్పావుగంట.

కూడండి. ముప్పై ఏడుంపావు గంటలు. ఇందులో గాల్లో గడిచేది ఇరవై గంటలు, నేల మీద గడిచేది పదిహేడుంపావు. అమ్మ ఫ్రిస్కో ఇంటి గుమ్మంలో అడుగుపెట్టేసరికి అక్కడ శనివారం రాత్రి 7:45, తెనాలిలో ఆదివారం తెల్లవారి 6:15. అంటే ఆమె ఒంటికి రెండు రాత్రుల నిద్ర పోయింది.

ఈ పదిహేడుంపావు గంటల్ని తగ్గించడం మన చేతిలో ఉంది. గాల్లోని ఇరవై గంటల్ని ఎవరూ తగ్గించలేరు. డెబ్భై ఏళ్ల మనిషి ఆరు గంటలు కారులో కుదుపులు తిని నేరుగా రాత్రి విమానం ఎక్కడం ఎందుకు? గురువారమే హైదరాబాద్ చేరి చుట్టాలింట్లో ఒక రాత్రి, ఒక పగలు విశ్రాంతి తీసుకోండి. శుక్రవారం మధ్యాహ్నం నిద్రపోయి, రాత్రి తేలికగా భోంచేసి, పది దాటాక శంషాబాద్‌కు బయలుదేరండి. ప్రయాణం ఒక రోజు పెరిగినట్టు కనిపిస్తుంది. నిజానికి ఒంటి మీద భారం తగ్గుతుంది. చవక టికెట్ కోసం ఇంటర్నెట్‌లో నాలుగు రాత్రులు వెతికే పిల్లలు ఈ ఒక్క రోజు సంగతి మరిచిపోతుంటారు.

ఎక్కడ మారాలి, ఎంతసేపు ఆగాలి

దుబాయ్ దారికీ లండన్ దారికీ దూరంలో తేడా లేదని చూశాం. తేడా విరుపులో ఉంది. దుబాయ్, దోహా దారుల్లో ప్రయాణం నాలుగు గంటలు, పదహారు గంటలుగా విరుగుతుంది. లండన్ దారిలో సుమారు పది, పదిగా విరుగుతుంది. మోకాళ్ల నొప్పి, నడుము నొప్పి, మాటిమాటికీ బాత్‌రూమ్‌కు వెళ్లాల్సిన అవసరం ఉన్నవాళ్లకు పదహారు గంటలు ఒకే సీటులో కూర్చోవడం నరకం. వాళ్లకు సగం సగంగా విరిగే దారి మేలు. ఆరోగ్యంగా ఉండి, విమానం మారడమంటేనే బెదురుగా ఉండేవాళ్లకు గల్ఫ్ దారి సులువు. గల్ఫ్ విమానాల్లో తెలుగువాళ్లు ఎక్కువగా కలుస్తారు, పక్క సీటులో ఒక పలకరింపు దొరుకుతుంది. ఆ పలకరింపు విలువ ఒంటరిగా ప్రయాణం చేసే అత్తయ్యగారిని అడిగితే తెలుస్తుంది. ఐరోపా దారిలో వెళ్లేవాళ్లు మధ్యలో మారడానికి ట్రాన్సిట్ వీసా కావాలో వద్దో ముందే చూసుకోవాలి. అమెరికా వీసా ఉన్నవాళ్లకు చాలాచోట్ల మినహాయింపు ఉంటుంది గానీ నిబంధనలు మారుతుంటాయి.

షికాగోకో, న్యూయార్క్‌కో, వాషింగ్టన్‌కో వెళ్లేవాళ్లకు అబుధాబి దారిలో ఒక సౌకర్యం ఉంది. అమెరికా ఇమిగ్రేషన్, కస్టమ్స్ తనిఖీ 2014 నుంచి అబుధాబి విమానాశ్రయంలోనే జరుగుతోంది. అక్కడ అది పూర్తయితే అమెరికాలో దేశీయ ప్రయాణికుల్లా దిగి నేరుగా పెట్టెల దగ్గరికి వెళ్లిపోవచ్చు. అయితే ఆ తనిఖీకి సమయం అబుధాబిలో పడుతుంది కాబట్టి అక్కడ విరామం మూడు గంటలకు తగ్గకుండా చూసుకోండి.

విరామం సంగతి కాస్త గట్టిగా చెప్పాలి. అరవై దాటినవాళ్లు ఒంటరిగా వెళుతుంటే రెండు గంటల లోపు విరామం ఉన్న టికెట్ కొనకండి, ఎంత చవకైనా సరే. మొదటి విమానం ముప్పావుగంట ఆలస్యమైతే మిగిలేది గంటంపావు. అందులో విమానం దిగడానికే ఇరవై నిమిషాలు పోతాయి. మళ్లీ భద్రతా తనిఖీ, గేట్ల మధ్య రైలు, పొడవాటి నడవాలు. మనవాళ్లు పరుగెత్తలేరు. అలాగని పది పన్నెండు గంటల విరామం కూడా మంచిది కాదు, కుర్చీలో కూర్చుని కాళ్లు వాస్తాయి. మూడు నుంచి అయిదు గంటలు సరైన కొలత.

అమెరికాలో రెండో విమానం మారాల్సి వస్తే లెక్క వేరు. అమెరికా నేల మీద మొదట ఏ ఊళ్లో దిగితే ఆ ఊళ్లోనే ఇమిగ్రేషన్ జరుగుతుంది. పెట్టెలు కూడా సాధారణంగా అక్కడే తీసుకుని, కస్టమ్స్ దాటాక మళ్లీ అప్పగించాలి. దీనికి మూడు గంటలు కేటాయించండి. వీలైతే అసలు ఈ మార్పు లేని టికెట్టే కొనండి. ఇంకో ఊళ్లో దిగి అక్కణ్నుంచి కొడుకు మూడు గంటలు కారు నడిపి తీసుకెళ్లినా నయమే.

రెండు విమానాలూ ఒకే టికెట్ మీద, ఒకే పీఎన్‌ఆర్ కింద ఉండాలి. అప్పుడు మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే తర్వాతి విమానంలో పంపే బాధ్యత ఆ సంస్థదే. విడివిడిగా రెండు టికెట్లు కొంటే డబ్బు మిగులుతుంది, కానీ రెండోది తప్పిపోయిందంటే ఆ నష్టం మీదే. తెలియని ఊళ్లో, తెలియని భాషలో, అర్ధరాత్రి కొత్త టికెట్ కొనుక్కోమని అమ్మానాన్నలను వదిలేసే తెగింపు ఏ కొడుకుకీ ఉండకూడదు.

ఒళ్లు చేరేది ఎప్పుడు

ముప్పై ఏడు గంటలకు మనిషి చేరతాడు, మనిషి లోపలి గడియారం చేరదు. అది రోజుకు సుమారు ఒక గంట చొప్పున సర్దుకుంటుంది. పదిన్నర గంటల తేడా అంటే పది రోజుల పని. ఈ పది రోజులు కూడా ప్రయాణంలో భాగమే అని నేను గట్టిగా నమ్ముతాను. కూతురి పురుడుకు వెళ్లే తల్లి ప్రసవం తేదీకి మూడు రోజుల ముందు దిగితే ఆమెకే ఒకరు చేసిపెట్టాల్సి వస్తుంది. మూడు వారాల ముందు దిగితే బాలింతకు చేసిపెట్టే ఓపికతో ఉంటుంది.

మొదటి వారం రాత్రి 2 గంటలకు మెలకువ వస్తుంది. ఇల్లంతా నిద్రలో ఉంటుంది. తెనాలిలో అప్పుడు మధ్యాహ్నం 12:30, ఒంటికి అది భోజనం వేళ. ఆకలేస్తుంది. పిల్లల్ని లేపడం ఇష్టం లేక చీకట్లో కూర్చుంటారు. పిల్లలూ, ఈ సంగతి మీరే ముందు ఊహించుకుని వంటగదిలో ఒక లైటు వెయ్యండి. అటుకులో, మజ్జిగన్నమో చేతికి అందేచోట పెట్టండి. పెద్దవాళ్లు మాత్రం ఆ వేళ కడుపునిండా తినకూడదు, ఫోను వెలుగులో గంటలు గడపకూడదు. తెల్లవారాక అరగంట బయట ఎండలో నడవడం కంటే గొప్ప మందు దీనికి లేదు. లోపలి గడియారాన్ని తిప్పేది వెలుగే. మధ్యాహ్నం నిద్ర ముంచుకొస్తే అరగంట చాలు, లేపమని చెప్పి పడుకోండి.

విమానం లోపల గాలి ఒత్తిడి ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల ఎత్తులో ఉన్నట్టు ఉంటుంది, ఇంచుమించు ఊటీలో ఉన్నట్టే. గాలిలో తేమ చాలా తక్కువ. గొంతు ఎండుతుంది, కాళ్లు వాస్తాయి. నాలుగు గంటలకు మించి కదలకుండా కూర్చుంటే కాలి సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు సుమారు రెట్టింపు అవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో చెప్పింది. నడవ పక్క సీటు ముందుగా తీసుకోండి. రెండు గంటలకొకసారి లేచి వెనకదాకా నడిచి రండి. కూర్చున్నప్పుడు పాదాలు పైకీ కిందకీ ఆడించండి. బాత్‌రూమ్‌కు వెళ్లాల్సి వస్తుందని నీళ్లు తాగడం మానేసే అలవాటు మన ఆడవాళ్లలో ఎక్కువ. అది మానాలి. గుండె, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లు టికెట్‌కు ముందే డాక్టర్‌ను కలవాలి.

మందుల లెక్క మరీ ముఖ్యం. పడమరకు వెళ్లేటప్పుడు ఆ రోజు ఇరవైనాలుగు గంటలది కాదు, ముప్పై నాలుగున్నర గంటలది. ‘ఉదయం ఒకటి, రాత్రి ఒకటి’ అని రాసిన చీటీ ఆ రోజుకు పనికిరాదు. షుగర్‌కు ఇన్సులిన్ తీసుకునేవాళ్లు విమానాల వేళలు, భోజనాల వేళలు కాగితం మీద రాసుకుని డాక్టర్‌కు చూపించి, ఏ గంటకు ఎంత మోతాదో రాయించుకోండి. ఇన్సులిన్ పెద్ద పెట్టెలో పెట్టకూడదు, విమానం అడుగున చలికి గడ్డకట్టి పాడవ్వచ్చు. మందులన్నీ, డాక్టర్ చీటీతో సహా, చేతి సంచిలోనే ఉండాలి. ఆవకాయ సీసా మాత్రం పెద్ద పెట్టెలోకి వెళ్లాలి. చేతి సంచిలో పెడితే తనిఖీ దగ్గర తీసి పక్కన పెడతారు.

ఒక కాగితం

ప్రయాణానికి ముందు ఒక పెద్ద కాగితం మీద, పెద్ద అక్షరాలతో, తెలుగులో ఇలా రాసి ఇవ్వండి.

‘దుబాయ్‌లో దిగాక కనెక్షన్స్ అనే బోర్డు వెంట నడవాలి. అరైవల్స్ వైపు వెళ్లకూడదు. పెట్టెలు అక్కడ తీసుకోనక్కర్లేదు, అవి డాలస్‌కే వస్తాయి. గేటు నంబరు టీవీ తెర మీద చూడాలి, తెలియకపోతే బోర్డింగ్ పాస్ చూపించి యూనిఫాం వేసుకున్నవాళ్లను అడగాలి. ముందు గేటు దగ్గరికి చేరి, ఆ తర్వాతే కాఫీ.’ దాని కింద రెండు విమానాల నంబర్లు, సీట్లు, ఆయా ఊళ్ల వేళలు, పక్కనే మన దేశపు వేళ. ఆ కింద కొడుకు ఇంటి చిరునామా, +1తో మొదలయ్యే ఫోన్ నంబరు. ఫోన్‌లోనే ఉంటే సరిపోదు, ఛార్జింగ్ అయిపోతుంది.

కాగితం వెనకవైపు డాలస్ ఇమిగ్రేషన్ అధికారి అడిగే ప్రశ్నలు. ఎందుకు వచ్చారు, ఎవరింట్లో ఉంటారు, ఎన్నాళ్లుంటారు, ఎప్పుడు తిరిగి వెళతారు. ఉన్నదున్నట్టు చెప్పాలి. ఇంగ్లిష్ రాకపోతే ‘తెలుగు’ అని చెప్పి దుభాషి కావాలని అడగవచ్చు, అందులో నామోషీ ఏమీ లేదు. ఒక మాట గుర్తుంచుకోండి. పదేళ్ల వీసా ఉందంటే పదేళ్లు ఉండవచ్చని కాదు. ఎన్నాళ్లు ఉండవచ్చో ఆ రోజు అధికారి నిర్ణయిస్తాడు, మామూలుగా ఆరు నెలలు. ఐ-94 అనే ఆ రికార్డును దిగిన వారంలో ఆన్‌లైన్‌లో తీసి చూడండి, తిరుగు టికెట్ ఆ తేదీకి ముందే ఉండాలి.

నడవలేనివాళ్లకు చక్రాల కుర్చీ కావాలంటే టికెట్ కొన్నప్పుడే చెప్పండి, కనీసం 48 గంటల ముందు మరోసారి ఖాయం చేసుకోండి. నడవగలిగి, దారి తెలియక భయపడేవాళ్లు మాత్రం కుర్చీ అడగకుండా దారి చూపే సాయం అడగండి. చాలా విమాన సంస్థలు, విమానాశ్రయాలు ఆ సేవ కొంత రుసుముకు అందిస్తాయి. కుర్చీలు పరిమితం. నిజంగా అడుగు వెయ్యలేని మరో పెద్దాయన దాని కోసం విమానం తలుపు దగ్గర ఎదురుచూస్తుంటాడు.

ఈ లెక్కంతా వేశాక టికెట్ కొనే ముందు ఒక్కసారి ఊరికి ఫోన్ చెయ్యండి. ‘‘అమ్మా, ముప్పై ఏడు గంటల ప్రయాణం. ఒకేసారి పదహారు గంటలు కూర్చోగలవా, పదీ పదిగా అయితే నయమా?’’ అని అడగండి. డాలస్‌లో రాత్రి 8:30కి చేస్తే అక్కడ ఉదయం 7, ఆమె కాఫీ తాగుతూ తీరిగ్గా మాట్లాడే వేళ. కూర్చోవాల్సింది ఆమె కాబట్టి ఆమె చెప్పిన దారికే టికెట్ కొనండి.